తోకమీద కొమ్ము

ఆరున్నరకే ఎండ పొడుచుకొచ్చింది. గౌరిబిదనూరు నుంచి వచ్చిన బస్సు మిమ్మల్ని విదురాశ్వత్థ గుడి దగ్గర దించేసి హిందూపురం వైపు వెళ్ళిపోయింది. పూలమ్మే ఆవిడ బుట్ట మీద నీళ్ళు చిలకరిస్తూ, "పాలు, పసుపు, కుంకం అన్నీ ఉండాయి, తీసుకోండి" అంటోంది. నాగప్రతిష్ఠకు వచ్చిన కొత్త దంపతులు పురోహితుడి కోసం గట్టుమీద కాచుకుని ఉన్నారు. పక్కనే ఉత్తర పినాకిని. ఏరంటే ఇసుక, ఇసుకలో ముళ్ళకంప.

నాగరాళ్ళ మధ్యకు నడవండి. వేల రాళ్ళు. కొన్ని వరసగా నిలబడి, కొన్ని ఒకదానిమీద ఒకటి ఒరిగి. పడగల మీద ఎండిన పాలచారలు, వాటి వెంట చీమలు. విదురుడు నాటాడని చెప్పుకునే మూలవృక్షం 2001లో కూలిపోయింది. అయినా రావికి ఇక్కడ కొదవేముంది, గోడ సందు దొరికితే చాలు మొలుస్తుంది. 1938 ఏప్రిల్ 25న జెండా ఎగరెయ్యడానికి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపింది కూడా ఈ ఊళ్ళోనే. ఆ స్మారకం చూడ్డానికి వచ్చేవాళ్ళూ, సర్పదోషానికి వచ్చేవాళ్ళూ తప్ప ఇక్కడికి మూడో పని మీద వచ్చేవాళ్ళు అరుదు. మనది ఆ మూడో పని. ఒక ఆకు తిప్పి చూడాలి.

చేతికందే రావికొమ్మ ఒకటి వంచండి. అంచులు కొరికేసిన ఆకు కోసం వెతకండి. అదిగో, సగం ఆకు లేదు. మెల్లగా తిప్పండి. ఈనె పక్కన అంగుళం పొడవు ఎండుపుల్ల ఒకటి అతుక్కుని ఉంది, బూడిదరంగులో, అక్కడక్కడ మట్టిమరకలతో. వేలితో అంటుకోబోతే పుల్ల తల వెనక్కి లాక్కుంటుంది. పురుగు. తల దగ్గర ఉబ్బి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడింది. ఒంటిమీద బొచ్చు లేదు. తోక దగ్గరికి రండి, ఇంకాస్త దగ్గరికి. వీపు చివర మొనదేలిన చిన్న కొమ్ము ఒకటి పైకి లేచి ఉంది. అది కుట్టదు, గుచ్చదు. ఊరికే ఉంది.

పక్క ఆకుమీద దీని అన్నో తమ్ముడో అప్పుడే గూడు కట్టేసుకున్నాడు. చిటికెన వేలిగోరు కంటే కాస్త పెద్దది, లేత పసుపు కలిసిన తెలుపు. ఒక పోగు అంటుకుని వేలితోపాటు వస్తుంది చూడండి. అది పట్టే. బట్టకు పనికిరాని పట్టు, అంతే తేడా. కొన్నాళ్ళకు ఆ గూట్లోంచి అంగుళం రెక్కల గోధుమరంగు చిమ్మట బయటికొస్తుంది. రెక్క కొనదగ్గర చిన్న నొక్కు తప్ప చెప్పుకోదగ్గ అలంకారం ఏమీ ఉండదు. రాత్రి దీపం కనబడితే అటు పోతుంది. పొద్దున చీపురుకు దొరికే పేరులేని రెక్కలపురుగుల్లో అదీ ఒకటి.

పేరు లేకేం. 1855లో ఫ్రాన్సిస్ వాకర్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రజ్ఞుడు పెట్టాడు. ఇప్పుడు దాన్ని ట్రైలోకా వేరియన్స్ అంటారు. దక్షిణాసియా అంతటా రావి, మర్రి, మేడి చెట్ల మీద బతుకుతుంది. కుండీల్లో ఫైకస్ మొక్కలు పెంచేవాళ్ళు దీన్ని తిట్టుకుంటారు, మిగతావాళ్ళకు దీని సంగతే పట్టదు. దీని కులగోత్రాలు విచారిస్తే మాత్రం ఆశ్చర్యంగా ఉంటుంది. బాంబిసిడే కుటుంబం. అంటే పట్టు చిమ్మటకు స్వయానా దాయాది. రావి, మల్బరీ కూడా చెట్లలో ఒకే కుటుంబం. ఒక దాయాది రావిని పట్టుకుని విదురాశ్వత్థలో ఉండిపోయింది. ఇంకో దాయాది మల్బరీని పట్టుకుని ఈ చిక్కబళ్ళాపురం జిల్లా మొత్తానికి అన్నం పెడుతోంది. ఆ రెండోదాన్ని చూడ్డానికి చింతామణి వైపు పోవాలి. కొమ్మును గుర్తుపెట్టుకోండి.

గౌరిబిదనూరు, మంచేనహళ్ళి, చిక్కబళ్ళాపురం. కుడివైపు దూరంగా నంది కొండ. బస్సులో కండక్టరు కన్నడంలో అడిగితే ముసలాయన తెలుగులో చెప్పి చిల్లర ఇస్తాడు, ఇద్దరికీ అందులో వింతేమీ కనబడదు. ద్రాక్షతోటలు, టమోటా, గులాబీ, మధ్యమధ్య నడుమెత్తు మల్బరీ. పట్టును ఈ మైసూరు సీమకు గట్టిగా పట్టుకొచ్చింది టిప్పు సుల్తాను. 18వ శతాబ్ది చివర్లో బెంగాల్ నుంచి పురుగులు తెప్పించాడు. ఆ తర్వాత వందేళ్ళకు జంషెట్‌జీ టాటా జపాన్ నిపుణులను పిలిపించి బెంగళూరులో పట్టు క్షేత్రం పెట్టించాడు. చరిత్ర ఈపాటికి చాలు. శిడ్లఘట్ట దాటాం, సాయంత్రం కావస్తోంది.

చింతామణి తాలూకాలో ఒక ఊరు. రేకుల షెడ్డు, కిటికీలకు నైలాన్ వల, గుమ్మం ముందు తెల్లటి సున్నపు పొడి. "చెప్పులు ఆడనే ఇడిసి రాండి" అంటుంది ఆ ఇంటి అక్క. "కాళ్ళు ఆ పొడిలో తొక్కి రాండి. బీడీ గీడీ తాగలేదు కదా? సెంటు పూసుకోనుంటే లోపలికి రావద్దు." ఇందులో ఛాదస్తం లేదు. పొగాకు ఘాటు సోకితే పురుగు కక్కుకుని చస్తుంది. నిరుడు పక్కచేనాయన టమోటాకు మందు కొడితే గాలికి ఇటొచ్చి సగం పంట పోయిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం కంటే లెక్క ఎక్కువ వినబడుతుంది. అప్పెంత, ఆకెంత, కూలెంత.

లోపల చీకటిగా, వెచ్చగా ఉంది. గోనెసంచులు తడిపి వేలాడగట్టారు. మూడంతస్తుల రాకుల మీద ఆకు కొమ్మలు కొమ్మలుగానే పరిచి ఉంది. కాసేపు మాట్లాడకుండా నిలబడండి. శబ్దం వినబడుతోందా? దీన్ని వానశబ్దం అని రాయడం రివాజు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. వాన ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. ఇది తగ్గదు. మేకల మంద ఒకటి ఎండుటాకుల మీద ఆగకుండా నడుస్తున్నట్టు ఉంటుంది. నలభై యాభై వేల నోళ్ళు అవి. నూరు గుడ్ల పంట అంటారు ఇక్కడ, అంటే నూరు తల్లులు పెట్టిన గుడ్లు.

"నాలుగో జ్వరం లేసి ఆరు దినాలాయ" అంటుంది అక్క. జ్వరమంటే రోగం కాదు. పురుగు పాత చర్మం విడిచే ముందు ఒక రోజంతా తిండి మానేసి, తలెత్తి, కదలకుండా ఉంటుంది. అలాంటివి నాలుగు. నాలుగోది లేచాక వారం రోజులు తినడమే తినడం. పురుగు పుట్టినప్పటినుంచి తినే ఆకులో నూటికి ఎనభై వంతులు ఈ చివరి వారంలోనే పోతాయి. నువ్వుగింజ కంటే చిన్నదిగా పుట్టి, ఇరవై అయిదు రోజులకు దాదాపు పదివేల రెట్లు బరువెక్కుతుంది. ఈ వారం ఇంట్లోవాళ్ళకు నిద్ర తక్కువ. గోడమీద ఈ సీమవాళ్ళు కొలిచే కైవారం తాతయ్య పటం, దాని కింద ఎవరో కునుకు తీస్తున్నారు.

ఒక పురుగును తీసి అరచేతిలో పెడుతుంది అక్క. చల్లగా ఉంది. పాలతెలుపు, వేలంత పొడవు. కాళ్ళ కొనలు చర్మాన్ని చిన్నగా పట్టుకుని లాగుతాయి, ఎక్కడ ఆకు ఉందా అని తల అటూ ఇటూ తిప్పుతుంది. వీపు నడుమ చర్మం కింద సన్నటి గీత ఒకటి తోకనుంచి తలవైపు అలలుగా కదులుతోంది. అది దాని గుండె, ఒంటి పొడవునా పరుచుకున్న గొట్టం. మీ బొటనవేలి పక్కన, తోక చివర చూడండి. కొమ్ము. పొద్దున రావాకు మీద చూసిందే, కాకపోతే ఇది మెత్తగా, మొద్దుగా ఉంది. అయిదువేల ఏళ్ళ పెంపకం ఈ పురుగు ఒంట్లో చాలా వాటిని మార్చింది. పారిపోవడం మరిచిపోయింది. ఆకు నాలుగడుగుల దూరంలో ఉంటే వెతుక్కుని పోదు, ఉన్నచోటే ఆకలికి చస్తుంది. కొమ్ము మాత్రం పోలేదు.

రాత్రి పదకొండుకు పురుగు పండుతుంది. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత అన్నీ. తిండి మానేస్తాయి. ఒళ్ళు అద్దంలా తేలి లోపల పసుపు జీర కనబడుతుంది. తల పైకెత్తి గాల్లో దేనికోసమో తడుముతాయి. వీధి నుంచి నలుగురైదుగురు వస్తారు, కూలికి కొందరు, బదులు పనికి కొందరు. పండినవాటిని ఏరి చంద్రికెల్లో వేస్తారు. వెదురు తడికె మీద వెదురుబద్దను చుట్లు చుట్లుగా కుట్టిన పరికరం అది. అందులో పడ్డ పురుగు సందు చూసుకుని, అటూ ఇటూ నాలుగు పోగులు కట్టి, తలను ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం మొదలుపెడుతుంది. టార్చి వేసి దగ్గరగా చూడండి. పెదవి కింది చిన్న బుడిపె నుంచి వచ్చే ద్రవం గాలి తగిలేలోపే పోగైపోతోంది. తల ఆగదు. తెల్లారేసరికి పురుగు పలచటి తెర వెనక నీడలా మిగులుతుంది, ఎల్లుండికి అదీ కనబడదు. బైవోల్టిన్ అనే మేలు రకం గూట్లో పోగు తెగకుండా కిలోమీటరు దాటుతుంది.

"గూట్లోంచి వచ్చే చిట్టెను ఎప్పుడన్నా చూసినారా?" అని అడగండి.

అక్క నవ్వుతుంది. "చిట్టె వస్తే గూడు బొక్క పడదా? బొక్క పడిన గూడు ఎవురు కొంటారు?" కాస్త ఆలోచించి, "ఒగసారి నాలుగు గూళ్ళు చంద్రికెలో మరిసిపోయినాం. వచ్చినాయి. తెల్లంగుండె. కోళ్ళు తినేసినాయి" అంటుంది.

ఇరవై ఏళ్ళుగా పురుగులు పెంచుతున్న ఇల్లు అది. కొన్న చీర, కట్టిన గది, పిల్లకు పెట్టిన బంగారం అన్నీ ఆ చిమ్మట పుణ్యమే. ఆ చిమ్మట ఎలా ఉంటుందో తెలిసింది కోళ్ళకు. వెక్కిరించడానికి అనడం లేదు, ఈ పని నడిచే తీరే అలాంటిది. పురుగు ఎక్కువ, చిమ్మట తక్కువ. వంద పురుగుల్లో తొంభై ఎన్నో చిమ్మట కాకుండానే ఆగిపోతేనే పట్టు.

ఎక్కడ ఆగిపోతాయో శిడ్లఘట్టలో చూస్తారు. మార్కెట్టులో గూళ్ళు తొట్లలో కుప్పలుగా ఉంటాయి. రీలర్లు గూడు చెవి దగ్గర పెట్టి ఆడించి, వేళ్ళతో నొక్కి, ఫోనులో ధర కొడతారు. 1959 నాటి చట్టం ప్రకారం గూళ్ళు ఇలాంటి సర్కారు మార్కెట్టులోనే అమ్మాలి. కన్నడ, తెలుగు, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో వినాలంటే అక్కడే వినాలి. సందుల్లోకి పోతే గూళ్ళు ఉడికే వాసన ముక్కు పట్టుకుంటుంది. వేడినీళ్ళలో జిగురు కరిగి కొస దొరుకుతుంది, పోగు రాట్నం మీదికి పోతుంది, లోపలి ప్యూపా అడుగున మిగులుతుంది. అది కోళ్ళ దాణాకు, చేపల మేతకు పోతుంది. ఇంతకంటే అక్కడ ఆగక్కర్లేదు.

చిమ్మటను కళ్ళారా చూడాలంటే గుడ్లు తయారుచేసే కేంద్రానికి పోవాలి. గ్రైనేజీ అంటారు. తెల్లవారుజామున అయిదుకు ముందే చేరుకోండి, ఆలస్యమైతే అసలు సంగతి అయిపోతుంది. చీకటి గదిలో తట్టలు పరిచి ఉన్నాయి, ఒక్కో తట్టలో వందల గూళ్ళు. ఒక వైపు మైసూరు నాటు రకం, ఆకుపచ్చ తేలిన లేత పసుపు గూళ్ళు, వాటిలో ఆడవి. ఇంకో వైపు సీఎస్ఆర్-2 అనే బైవోల్టిన్ రకం, తెల్లవి, వాటిలో మగవి. నాటుతల్లి ఈ ఎండలకు తట్టుకుంటుంది, బైవోల్టిన్ తండ్రి పోగు పొడవు పెంచుతాడు. ఈ జిల్లాలో పెరిగే పురుగుల్లో చాలా భాగం ఈ సంకరానివే.

దీపం వేస్తారు. వెలుతురు పడగానే గూళ్ళలో కదలిక. మీ ముందున్న గూటి కొన తడిసింది. లోపలున్నది ఒక ద్రవం వదిలి జిగురును కరిగించి, పోగులను తలతో పక్కకు నెడుతోంది. ముందు తల, దాంతో నల్లటి కళ్ళు. తర్వాత ముందుకాళ్ళు గూటి అంచును పట్టుకుంటాయి. ఆగుతుంది. మళ్ళీ నెడుతుంది. ఒళ్ళంతా తడి, రెక్కలు నలిగి ముద్దయిపోయి ఉన్నాయి. గూటిమీద కూర్చుని గోధుమరంగు చుక్క ఒకటి వదులుతుంది. అరగంటలో రెక్కలు విచ్చుకుంటాయి, మీగడ తెలుపు, మీదంతా పొడిపొడి నూగు. నెమలీకల్లాంటి మీసాలు విప్పుతుంది. చూడ్డానికి ఎగిరేలాగే ఉంది. ఎగరదు. రెక్కలు కొట్టుకుంటాయి, ఒళ్ళు లేవదు. తినదు కూడా, తినడానికి నోరే సరిగ్గా లేదు. పురుగుగా తిన్న ఆ మల్బరీ ఆకే దాని మిగతా బతుక్కి బత్తెం.

ఆడది కదలదు. నిండు కడుపుతో కూర్చుని తోక చివర రెండు పసుపు బుడిపెలు బయటికి తోస్తుంది. మగవాటి తట్ట ఇటు తీసుకురాగానే గది లక్షణమే మారిపోతుంది. కంటికేమీ కనబడదు, ముక్కుకేమీ తగలదు. మగవి మాత్రం పిచ్చెత్తినట్టు రెక్కలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతూ ఆడదాన్ని వెతుకుతాయి. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్యూటెనాంట్ ఈ వాసన గుట్టు కనిపెట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. 1959లో చెప్పగలిగాడు, అదీ సుమారు అయిదు లక్షల ఆడ చిమ్మటలనుంచి కొన్ని మిల్లీగ్రాములు తీశాక. బాంబికాల్ అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఏ కీటకం విషయంలోనైనా ఆడమగలను కలిపే రసాయనాన్ని విడదీసి చూపించడం అదే మొదలు. మన రావిచెట్టు దాయాది వాడేది ఈ బాంబికాల్ కాదు. దానికి దగ్గరి రసాయనాలు రెండింటిని కలిపి వాడుతుందని జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. కొమ్ము ఒకటే అయినా కబురు వేరు.

మూడు నాలుగు గంటలు జంటలను కదపరు. తర్వాత అమ్మాయిలు వచ్చి రెండువేళ్ళతో సున్నితంగా విడదీస్తారు. మగవి ఫ్రిజ్జులోకి, రేపు మళ్ళీ పనికొస్తాయి. ఆడవాటిని కాగితం మీద పెట్టి ఒక్కొక్కదాని మీద ప్లాస్టిక్ గిన్నె బోర్లిస్తారు. చీకటి చేస్తారు. మర్నాటికి ఒక్కో గిన్నె కింద గుండ్రంగా నాలుగైదు వందల గుడ్లు.

ఆ తర్వాత జరిగేది చూడ్డానికి కొంచెం కష్టమే. గుడ్లు పెట్టిన తల్లిని చిన్న కల్వంలో వేసి, క్షారపు నీళ్ళు పోసి నూరుతారు. ఆ చుక్క మైక్రోస్కోపు కిందికి పోతుంది. మూలవిత్తనానికైతే ప్రతి తల్లినీ, రైతుకిచ్చే గుడ్లకైతే నమూనాగా కొన్నింటిని. వెతికేది గంటురోగం బీజాల కోసం. పెబ్రీన్ అనే ఈ రోగం తల్లి కడుపులోంచే గుడ్డుకు దిగుతుంది. 1865లో ఫ్రాన్సు దేశపు పట్టురైతులు దివాళా తీస్తుంటే లూయీ పాశ్చర్‌ను పంపారు. అప్పటికి ఆయన పట్టుపురుగును ముట్టుకుని ఎరగడు. అయిదేళ్ళు కూర్చుని చివరికి చెప్పింది ఇదే: గుడ్డును కాదు, తల్లిని చూడండి. నూటయాభై ఏళ్ళు దాటినా ఇంతకంటే నమ్మకమైన దారి గ్రైనేజీలకు దొరకలేదు. మిమ్మల్ని కూడా కంటద్దంలోంచి చూడమంటారు. మసక తెరలో మెరిసే కోడిగుడ్డు ఆకారాలు కనబడితే ఆ గుడ్లన్నీ కాల్చేస్తారు. ఈరోజు తెర శుభ్రంగా ఉంది. స్లైడు తుడిచి ఇంకోటి పెడతారు.

రోగమంటే ఇదొక్కటే కాదనుకోండి. పాలరోగం ఉంది, సున్నపుకట్టు ఉంది, 1980లో బెంగాల్ గూళ్ళతోపాటు దిగిన ఊజీ ఈగ ఉంది. షెడ్డు కిటికీలకు నైలాన్ వలలు వచ్చింది ఆ ఈగ దెబ్బకే. పురుగు వీపుమీద అది తెల్లటి చుక్కలా గుడ్డు పెట్టి పోతుంది, దాని పిల్ల పురుగులోకి తొలుచుకుపోతుంది. పురుగు గూడు కట్టినా ఆ గూటికి బొక్క పడుతుంది.

గుడ్లు ఇక్కణ్ణుంచి చాకీ కేంద్రానికి పోతాయి. పది రోజులకు నల్లటి వెంట్రుక ముక్కల్లా పిల్లలు బయటపడతాయి. లేతాకు సన్నగా తరిగి పెట్టి, రెండో జ్వరం లేచేదాకా పెంచి రైతుకు ఇస్తారు. చిన్నపిల్లల సాకుడు చేతగాక పంట పోగొట్టుకునే బాధ రైతుకు చాలావరకు తప్పింది ఈ కేంద్రాలతోనే.

చాకీ కేంద్రం గుమ్మంలో ఒక రైతు నిలబడి ఉన్నాడు, తలకు తువ్వాలు. పుస్తకం తెరిచి కూర్చున్నాయన తల ఎత్తకుండానే అడుగుతాడు.

"ఎంత కావాల?"

"నూరు ఇయ్యన్నా."

"ఆకెంతుంది?"

"ఎకరా వీ-వన్ మల్బరీ ఉంది. బాగుంది."

"బోరు?"

రైతు వెంటనే జవాబివ్వడు. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇప్పుడు విశేషం కాదు. బెంగళూరు మురుగునీళ్ళను శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార లోయ పథకం కింద కొన్ని చెరువులకు తోడుతున్నారు, ఆ చెరువుల పక్కన బోర్లున్నవాళ్ళు కాస్త నయం. ఇతని ఊరికి ఆ నీళ్ళు రావు.

"రెండించులు వస్తుండె. ఇప్పుడు ఒగటే."

"ఒగటే అంటే చివర్లో ఆకు చాలదప్పా. నాలుగో జ్వరం లేసినాక పక్కోణ్ణి అడుక్కోవాల. ఇప్పుడు ఆకు ధర తెలుసు కదా."

"తెలుసన్నా."

"డెబ్బైఅయిదు రాసుకుంటా. బేస్తారం పొద్దున ఎండ పొడవకముందే రా, తడి గోనె తెచ్చుకో."